లాంగ్ రన్ రోజు నీళ్ల టెన్షన్ లేకుండా

మొదటి మారథాన్‌కు తయారయ్యేటప్పుడు లాంగ్ రన్ (వారంలో అన్నిటికన్నా ఎక్కువ దూరం పరుగెత్తే) రోజు పెద్ద తలనొప్పి నీళ్లు. సీసా చేత పట్టుకుని పాతిక కిలోమీటర్లు పరుగెత్తలేం, దారిలో కొంటూ పోతే ఖర్చు.

హన్మకొండలో వడ్డేపల్లి చెరువు కట్టలాంటి చోటు చూసుకుని అటూ ఇటూ పరుగెత్తండి. ఇంట్లోవాళ్లలో ఒకరు ఒక చివర కూర్చుంటే చాలు, వెనకాల బండి నడపాల్సిన పని లేదు. మా బాపు అయితే హాయిగా పేపర్ చదువుకుంటాడు.

ముందు రాత్రి అరలీటరు సీసాల్లో మూడో వంతు నీళ్లు పోసి, అడ్డంగా పడుకోబెట్టి ఫ్రీజర్‌లో పెట్టాలి. నిండా పోస్తే గడ్డకట్టి ఉబ్బుతాయి. పొద్దున లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి. నిమ్మకాయ పిండితే ఇంకా బాగుంటుంది. ఆ నీళ్లతో సీసాలు నింపి, పాత తువ్వాలలో చుట్టి ఇచ్చేయండి. అటు వచ్చిన ప్రతిసారీ దాహాన్ని బట్టి నాలుగు గుక్కలు తాగితే సరిపోతుంది.

బీపీ, షుగర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఈ నీళ్లు తాగొద్దు.