నవంబర్‌లో డెత్ వ్యాలీ బోరాక్స్ మ్యూజియానికి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

డెత్ వ్యాలీ అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉన్న ఎడారి నేషనల్ పార్కు. ఒకప్పుడు అక్కడ బోరాక్స్ అనే తెల్లటి ఖనిజాన్ని తవ్వేవారు. పార్కులో ఫర్నేస్ క్రీక్ అనే చోట ఉన్న ఈ చిన్న మ్యూజియం 1883 నాటి చెక్క ఇంట్లో ఉంది.

• జీపీఎస్ చూపే మట్టిదారిలోకి కారు తిప్పొద్దు. ఎప్పుడో మూసేసిన బాటల్నీ అది దగ్గరి దారిగా చూపిస్తుంది. ఇసుకలో చక్రం కూరుకుపోతే ఫోన్ సిగ్నల్ దొరకదు, మరో కారు ఎప్పుడొస్తుందో చెప్పలేం. కాగితం మ్యాప్ దగ్గరుంచుకోండి.

• రోడ్లు తెరిచి ఉన్నాయో లేదో బయల్దేరే రోజు పొద్దున్నే చూడండి. 2023 ఆగస్టు వరదలకు మూసిన పార్కు అక్టోబర్ 15 దాకా తెరవలేదు.

• మనిషికి రోజుకు 4 లీటర్ల నీళ్లు. పొడిగాలికి చెమట పట్టగానే ఆరిపోతుంది, ఒంట్లో నీరు తగ్గుతున్నట్టే తెలియదు.

• కారుకు పెట్రోలు పార్కు బయటి ఊళ్లు పారంప్‌లోనో బీటీలోనో నింపండి. పార్కు లోపల ధర బాగా ఎక్కువ.

• మ్యూజియం వేళలు ఫోన్ చేసి కనుక్కోండి. నవంబర్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుగుతుంది, ఐదు కాకముందే పొద్దుగూకుతుంది.

• హార్మొనీ బోరాక్స్ వర్క్స్ అనే పాత బోరాక్స్ కార్ఖానా దగ్గరున్న పాత బండి వెనక చక్రం ఎత్తు 7 అడుగులు. పిల్లల్ని ఎక్కనివ్వకండి, ఎండకు ఎండిన చెక్క ఇట్టే పగులుతుంది.

• నేలమీద తుప్పుపట్టిన మేకు కనిపించినా తీసుకోవద్దు. పార్కులోంచి అలాంటి పాత వస్తువులు తీసుకెళ్లడం చట్టప్రకారం నేరం.