కుక్కను క్రాసింగ్‌కి తీసుకెళ్ళే ముందు చేయించాల్సిన పరీక్షలు

చిత్తకార్తె దగ్గర పడిందంటే చిత్తూరు వీధుల్లో కుక్కల గుంపులు, రాత్రంతా అరుపులు. ఇంట్లో పెంచే జాతి కుక్కలకు కార్తెలతో పని లేదు, సుమారు ఆరు నెలలకోసారి ఎదకు వస్తాయి. అయినా నాకు ఫోన్లు ఎక్కువగా వచ్చేది ఈ రోజుల్లోనే. "అన్నా, మా ల్యాబ్రడార్ హీట్‌కి వచ్చుండాది, మంచి మేల్ యాడన్నా ఉంటే చెప్పు" అంటారు. అప్పటికే నాలుగైదు రోజులు గడిచి ఉంటాయి. జన్యు పరీక్షలు చేయించారా అని అడిగితే, "కుక్క గట్టిగా ఉండాది గదన్నా, దానికేం టెస్టులు?" అంటారు.

పదేళ్ళ కిందట నేనూ ఆ మాటే అన్నాను. మా ల్యాబ్ తొలి ఈతలో ఏడు పిల్లల్ని పెట్టింది. తల్లీ తండ్రీ రెండూ చూడచక్కనివి, రెండింటికీ పేపర్లున్నాయి. ఒక పిల్లను పలమనేరులో మా మేనమామ ఇంటికి ఇచ్చాను. ఐదో ఏట అది చీకటి పడ్డాక గడప దాటడానికి జంకడం మొదలుపెట్టింది. తర్వాత మెట్లు దిగడం మానేసింది. ఇంకో ఏడాది తిరిగేసరికి పట్టపగలే నీళ్ళగిన్నెను ముక్కుతో వెతుక్కునేది. ఇలా రేచీకటితో మొదలై పూర్తి గుడ్డితనంగా మారే జబ్బును పీఆర్‌ఏ అంటారు. దీన్ని నయం చేసే మందు లేదు. అప్పుడు తల్లికి పరీక్ష చేయిస్తే క్యారియర్ అని, అంటే తనకు జబ్బు లేకున్నా లోపాన్ని మోసేదని వచ్చింది. పిల్లకు జబ్బు వచ్చిందంటే తండ్రిలోనూ ఆ లోపం ఉండి తీరాలి. దాని యజమానికి చెప్తే నమ్మలేదు. ఆ మగకుక్క అప్పటికే ఎన్ని ఈతలకు తండ్రయ్యిందో!

మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి ఇందులోని కిటుకు మనకు తొందరగానే అర్థమవుతుంది. ప్రతి జన్యువూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. పీఆర్‌ఏ లాంటి జబ్బుల్లో ఒకటి చెడ్డదైనా రెండోది మంచిదైతే కుక్కకు ఏమీ కాదు, నిండు నూరేళ్ళ ఆరోగ్యంతో కనిపిస్తుంది. దాన్నే క్యారియర్ అంటారు. రెండు క్యారియర్లను కలిపితే పుట్టే ప్రతి పిల్లకూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, క్యారియర్ అయ్యే అవకాశం 50 శాతం. నాలుగు పిల్లల్లో సరిగ్గా ఒకదానికే వస్తుందని లెక్క కట్టకండి. ఈతంతా బాగుండొచ్చు, మూడింటికి రావచ్చు. ఒకే తండ్రి బిడ్డల్ని, అన్నాచెల్లెళ్ళను కలిపితే ఒకే చెడ్డ జన్యువు రెండు వైపులా ఉండే ప్రమాదం పెరుగుతుంది. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పేపర్లు తండ్రెవరో తాతెవరో చెబుతాయి. ఆ తాతకు కళ్ళు కనిపించేవో లేదో చెప్పవు.

అందుకే పరీక్ష ఎదకు రాకముందే కావాలి. శాంపిల్ పంపాక రిపోర్టుకు కొన్ని వారాలు పడుతుంది, ఎద మూడు వారాలే. పోయిన హీట్ అయిపోగానే చేయించుకుంటే తర్వాతి హీట్ నాటికి నింపాదిగా జోడీ వెతుక్కోవచ్చు.

ఏ పరీక్షలన్నది జాతిని బట్టి. ల్యాబ్‌కి పీఆర్‌ఏతో పాటు ఈఐసీ పరీక్ష తప్పనిసరి అంటాను. ఈఐసీ లోపం రెండు వైపుల నుంచీ వచ్చిన కుక్క ఐదు పది నిమిషాలు జోరుగా పరిగెత్తాక వెనక కాళ్ళు తేలిపోయి కూలబడుతుంది, ఒళ్ళు కాలిపోతుంది, కొన్ని ప్రాణమే విడుస్తాయి. తిరుపతి మే నెల ఎండల్లో బంతి విసిరి ఆడించే వాళ్ళు దీన్ని వడదెబ్బ అనుకుని ఊరుకుంటారు. డాబర్‌మ్యాన్‌కి వాన్ విల్లెబ్రాండ్ పరీక్ష. అది రక్తం గడ్డకట్టని జబ్బు, ఆపరేషన్ బల్ల మీద బయటపడితే చాలా కష్టం. డాబర్‌మ్యాన్‌లో గుండె కండరం సాగిపోయే జబ్బూ ఎక్కువే. దానికి జన్యు పరీక్ష ఒక్కటే చాలదు, ఏటా ఎకో (గుండె స్కాన్), 24 గంటలు గుండె లయను రికార్డు చేసే హోల్టర్ కూడా చేయించాలి. జర్మన్ షెపర్డ్‌కి ముసలితనంలో నడుము పడిపోయే డీఎం పరీక్ష. కోలీ జాతికి ఎండీఆర్1 అనే జన్యువు పరీక్ష. ఈ లోపమున్న కుక్కకు గజ్జి కోసం ఎక్కువ మోతాదులో ఐవర్‌మెక్టిన్ ఇస్తే ప్రాణానికే ముప్పు, కాబట్టి క్రాసింగ్ ఆలోచన లేకపోయినా చేయించండి.

పక్కనే తమిళనాడు కావడంతో రాజపాళయం కుక్కలు మన దగ్గర చాలానే ఉన్నాయి. తెల్లని ఈ జాతిలో పుట్టు చెవుడు కనిపిస్తుంది. చప్పట్లు కొట్టి చూసి సరిపెట్టుకోవద్దు, ఒక చెవి మాత్రమే పనిచేసే కుక్క కూడా తల తిప్పుతుంది. చెవికి శబ్దం వినిపించి మెదడు స్పందనను కొలిచే బేయర్ పరీక్షలోనే అది తేలుతుంది. చెవిటిదని తెలిస్తే ప్రేమగా పెంచుకోండి, జత మాత్రం కట్టించకండి.

శాంపిల్ ఇవ్వడం సులువు. చెంప లోపలి గోడ మీద దూదిపుల్లను గట్టిగా తిప్పుతూ అర నిమిషం రుద్దాలి. అంతకు ముందు ఒక గంటపాటు తిండి పెట్టకండి, ఇంకో కుక్క గిన్నెలో మూతి పెట్టనివ్వకండి. పాలు తాగే పిల్ల అయితే తల్లి దగ్గర నుంచి తీసి కాసేపు ఆగాలి, లేకపోతే తల్లి కణాలు అంటుకుని ఉండిపోతాయి. పుల్లను ఆరనిచ్చాకే కవర్లో పెట్టాలి. వీలైతే డాక్టరు చేత రక్తం తీయించండి. శాంపిల్ కాగితం మీద, కుక్క చర్మం కింద పెట్టే మైక్రోచిప్ నంబరు రాయించడం మాత్రం మరిచిపోవద్దు. మగకుక్క యజమాని వాట్సాప్‌లో పంపిన రిపోర్టు ఫోటోను నమ్మి వెళ్ళిపోకండి. దాని మీద నంబరు, కుక్క మెడ దగ్గర స్కానర్ చూపించే నంబరు ఒకటేనా చూడండి.

రిపోర్టులో అన్నీ క్లియర్, అంటే ఏ లోపమూ లేదని వచ్చినా తుంటి సంగతి తేలనట్టే. తుంటి కీలు సరిగ్గా అమరని హిప్ డిస్‌ప్లేసియా ఒక్క జన్యువుతో వచ్చేది కాదు, చాలా జన్యువులు, తిండి, బరువు అన్నీ కలిసి తెచ్చేది. దానికి ఎక్స్‌రేనే దారి. ల్యాబ్, షెపర్డ్, రాట్‌వీలర్‌లకు రెండేళ్ళు నిండాక, మత్తు ఇచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్ళు చాపి తీయించాలి. ఎదలో ఉన్నప్పుడు వద్దు, హార్మోన్ల వల్ల కీలు వదులుగా కనిపించవచ్చు. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, ముందు అక్కడ అడగండి. ఇక్కడ కుదరని పరీక్షకు చెన్నై వేపేరిలోని పశువైద్య కళాశాల ఉంది.

క్యారియర్ అని వచ్చిందని కుక్కను పక్కన పెట్టేయకండి. క్యారియర్‌ను క్లియర్ కుక్కతో కలిపితే ఆ జబ్బుతో ఒక్క పిల్లా పుట్టదు. పిల్లల్లో సగం క్యారియర్లు కావచ్చు, కాబట్టి ఉంచుకునే వాటికి మళ్ళీ పరీక్ష చేయించాలి. క్యారియర్లన్నింటినీ తీసేస్తే మిగిలే కొద్ది కుక్కల్లోనే, దగ్గరి చుట్టాల మధ్యే జతలు కట్టాల్సి వచ్చి మరో జబ్బు తలెత్తుతుంది. అఫెక్టెడ్, అంటే లోపం రెండు వైపుల నుంచీ ఉందని వచ్చినదాన్ని మాత్రం క్రాసింగ్‌కి వాడకపోవడమే మంచిది.

ఇది జన్యువుల విషయం కాదు గానీ, రెండు కుక్కలకూ బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా పరీక్ష చేయించండి. కలయికలో అంటుకుంటుంది, కడుపు పోతుంది, మనుషులకూ సోకుతుంది. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం పిల్లల్ని అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండాలి, ఏడాదికి ఒక్క ఈతే, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.

రిపోర్టు రాకముందే హీట్ వచ్చేస్తే ఈ సారికి వదిలేయండి. రక్తం ఆగింది కదా అని మిద్దె మీద వదలకండి, చాలా కుక్కలు మగదాన్ని రానిచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. మూడు వారాలూ తలుపు వేసి ఉంచి, బయటికి తీసుకెళ్ళాల్సి వస్తే పట్టీ కట్టి మీరే తీసుకెళ్ళండి. వీధి మగకుక్క ఐదడుగుల కాంపౌండు గోడ దూకడం నేను చూశాను.