నక్షత్రాల బొమ్మకు ఎర్ర బెలూన్

బైనాక్యులర్లో కృత్తికలను చూసి కాగితం మీద దించుదామని టార్చి వేస్తే చాలు, మసక చుక్కలన్నీ మాయం. కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడాలంటే 20-30 నిమిషాలు కూర్చోవాలి.

మసక ఎర్ర వెలుగు కళ్ల అలవాటును అంతగా చెడగొట్టదు కాబట్టి, ఇప్పుడు ఎర్ర బెలూన్ మూతి కత్తిరించి చిన్న టార్చికి తొడుగుతున్నాను. వెలుగు ఇంకా ఎక్కువనిపిస్తే పైన మరొకటి. గీత కనిపించీ కనిపించనట్టుంటే సరిపోతుంది. బైనాక్యులర్లో కనిపించే గుండ్రటి మేరకు గుర్తుగా, పచ్చడి సీసా మూత బోర్లించి వలయాలు పగలే గీసి పెట్టుకుంటాను. ముందుగా బాగా మెరిసే నాలుగైదు చుక్కలను గడియారం లెక్కన, ఇది రెండు గంటల వైపు, అది ఏడు గంటల వైపు అనుకుంటూ పెట్టి, మిగతావి వాటి మధ్య నింపుతాను. 2బి పెన్సిలు చాలు.

ఎర్ర పెన్సిలు మాత్రం వద్దు, ఆ వెలుగులో గీత కనిపించదు. నాకు తెల్లారాక తెలిసింది. మంచుకు కాగితం మెత్తబడిన రాత్రి ఈ ఏర్పాట్లేవీ పనికిరావు.