ఆది జాకెట్ దగ్గర మొదలుపెట్టండి

యాప్ డిజైన్ నేర్చుకుంటామని వచ్చే పిల్లలు నన్ను ముందు అడిగేది ఫిగ్మా గురించే, అంటే స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్ గురించే. ఫిగ్మా వారంలో వస్తుంది. నాకు రాక ఏడిపించింది వేరే. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు కట్టి, మూడు నెలలు బిర్యానీ ఆర్డర్ యాప్‌కు రంగులు మార్చుకుంటూ కూర్చున్నాను. హనుమకొండ తిరిగొచ్చాక మా అక్క టైలరింగ్ షాపు కోసం ఒక యాప్ గీసి చూపించాను. ఛాతి, నడుము, భుజం, చంక, చేతి పొడవు, ముందు మెడ, వెనక మెడ... మొత్తం పన్నెండు గడులు.

"ఇవన్ని ఎవరు చెప్తరే? ఆది జాకెట్ తెస్తరు గదా" అన్నది అక్క.

నిజమే. సరిగ్గా కుదిరిన పాత జాకెట్ ఒకటి టేబుల్ మీద పెట్టి, "గిట్లనే కుట్టు, చేతులు అర ఇంచు లూజు" అని చెప్పి వెళ్లిపోతారు. ఆ షాపులోనే హోంవర్క్ చేసుకుంటూ పెరిగిన నాకు అది కనబడలేదు.

కాబట్టి ముందు ఒక మనిషిని పట్టుకోండి. కిరాణా కొట్టాయనైనా, ఎనుమాముల మార్కెట్లో లెక్కలు రాసే గుమస్తా అయినా సరే. రెండు రోజులు పక్కన కూర్చోండి. యాప్ మాట ఎత్తొద్దు. "మీకేం కావాలి?" అని అసలే అడగొద్దు, అడిగితే మర్యాదకు ఏదో ఒకటి చెప్తారు. చేతులు చూడండి, నోట్‌బుక్ చూడండి. అక్క నోట్‌బుక్‌లో ప్రతి పేరు పక్కన ఆ బట్ట ముక్క పిన్ను పెట్టి ఉంటుంది. పేర్లేమో "లెక్చరర్ స్వరూప", "సందు చివర స్వరూప". అంటే ఆమె వెతికేది పేరుతో కాదు, బట్టతో. ఇక బతుకమ్మ ముందు రోజంతా ఫోన్లో వినబడేది ఒకటే ప్రశ్న, "ఎప్పుడిస్తవ్?" నా మొదటి స్క్రీన్ అక్కడే దొరికింది: రేపు ఇవ్వాల్సిన జాకెట్ల ఫొటోలు, ఒక్కోదాని కింద తారీఖు.

తర్వాత కాగితం. ఫోన్ అంచుల చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఆ సైజులో ఏడెనిమిది ముక్కలు కత్తిరించండి. ఒక్కో ముక్క ఒక్కో స్క్రీన్. ఎదుటివాళ్లు వేలు పెట్టిన చోటును బట్టి మీరే తర్వాతి కాగితం మార్చాలి, ఫోన్ చేసే పని మీరు చేస్తున్నారన్నమాట. "ఎట్లుంది?" అనొద్దు. "మంచిగుంది" అంటారు, అయిపోతుంది. పని చెప్పండి: "సద్దుల బతుకమ్మకు ముందురోజు ఎన్ని ఇయ్యాలె, చూపెట్టక్కా." ఆ తర్వాత నోరు మూసుకోవాలి. నాకన్నిటికన్నా కష్టమైంది ఇదే. వేలు గాల్లో ఆగిన చోటల్లా మన తప్పు ఉన్నట్టు లెక్క.

కాగితం మీద కుదిరాకే ఫిగ్మా తెరవండి. ఉచిత ఖాతా చాలు. 360 పిక్సెళ్ల వెడల్పు ఫ్రేము (ఒక ఫోన్ స్క్రీన్‌కు సరిపడే గడి) తీసుకుని, ప్రోటోటైప్ ట్యాబ్‌లో బటన్ నుంచి తర్వాతి ఫ్రేముకు బాణం లాగితే ఫోన్లో నడిచే నమూనా తయారు. తాకే బటన్ 48 పిక్సెళ్ల కన్నా చిన్నగా పెట్టొద్దు, సుద్ద అంటిన వేళ్లతో నొక్కుతారు. షాపు గడపలో ఎండ పడుతుంది, లేత బూడిద రంగు అక్షరాలు కనబడవు. అక్షరానికీ వెనక రంగుకూ వెలుగులో కనీసం 4.5:1 తేడా (కాంట్రాస్ట్) ఉండాలి.

తెలుగు దగ్గర కాసేపు ఆగాలి. ఇంగ్లిష్‌కు సరిపోయే వరుస ఎత్తు పెడితే "ఇవ్వాల్సినవి"లో వత్తు కింద తెగిపోతుంది. నేను నోటో సాన్స్ తెలుగు అనే ఫాంట్ వాడి, అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు పైగా ఎత్తు ఇస్తాను. మాటలు కూడా షాపులోవే పెట్టండి. "సమర్పించు" అని రాస్తే అక్క గుడి అనుకుంటుంది. ఇప్పుడా బటన్ మీద "ఇచ్చేసిన" అని ఉంది.

ఐదుగురితో పరీక్షిస్తే సుమారు 85 శాతం లోపాలు బయటపడతాయని వాడకం పరీక్షల నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. అది సగటు లెక్క, పైగా ఐదుగురూ ఒకే రకం పని చేసేవాళ్లై ఉండాలి. నేను వడ్డేపల్లి వైపు ఇంకో నలుగురు టైలర్ల దగ్గరికి పోయాను. ఆలస్యమైన వాటికి ఎర్రచుక్క పెట్టి ఉంచానా, రెండో ఆవిడే "ఇది ఎర్ర జాకెట్టా?" అన్నది. రంగు బట్టల షాపులో రంగుతో సైగ చేయడమేంది నా తెలివి! చుక్క తీసేసి "2 రోజులు లేటు" అని రాశాను. ఇంకొకామె బాకీల స్క్రీన్ తెరవగానే ఫోన్ తన వైపు తిప్పుకుంది. పక్కన నిలబడ్డ కస్టమర్‌కు వేరేవాళ్ల బాకీ కనబడుతోంది మరి. అది నేను కాగితం మీద ఎన్నిసార్లు చూసినా తట్టేది కాదు. ఇప్పుడు బాకీ వేలు పెట్టి నొక్కితేనే కనబడుతుంది.

మార్చినవి మళ్లీ చూపించండి, కానీ నోట్‌బుక్ మానిపించకండి, రెండూ పక్కపక్కన నడవనివ్వండి. పరీక్షలన్నీ పెత్రమాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు ముందే ముగించుకోండి. ఆ తర్వాత తొమ్మిది రోజులు మా అక్క బావతో కూడా మాట్లాడదు.