సిమ్యులేషన్‌లో తిన్నగా ఉంది, మైక్ ముందు గుంట పడింది: స్పీకర్ కొలత సాఫ్ట్‌వేర్‌లో సమస్య – పరిష్కారం

పైథాన్‌లోనో ఆక్టేవ్‌లోనో స్పీకర్ కొలిచే ప్రోగ్రామ్ సొంతంగా రాసుకుంటున్నవాళ్ల కోసం, ఇప్పటికే ఉన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో చెయ్యి పెడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. స్వీప్ (కింది పౌనఃపున్యం నుంచి పైదాకా జారుతూ వెళ్లే పరీక్ష ధ్వని) అంటే ఏమిటో, దాని నుంచి ఇంపల్స్ రెస్పాన్స్ (ఒక్క చిటికెకి స్పీకర్ ఇచ్చే స్పందన) ఎలా తీస్తారో, ఎఫ్‌ఆర్‌డి ఫైల్లో (పౌనఃపున్యం, డెసిబెల్, ఫేజ్ రాసి ఉండే టెక్స్ట్ ఫైలు) ఏ కాలమ్‌లో ఏముంటుందో మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ముందు వైరు కొలవండి

కొలత తేడాగా వస్తోందని ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఒకటే. మైకూ స్పీకరూ పక్కన పెట్టి, సౌండ్ కార్డ్ అవుట్‌పుట్‌ని నేరుగా దాని ఇన్‌పుట్‌కే కలిపి ఒక్కసారైనా కొలిచారా? దాదాపు ఎవరూ చేసి ఉండరు. మైక్ కాలిబ్రేషన్ ఫైలు మూడుసార్లు మార్చి ఉంటారు, గదిలో పరుపులు నిలబెట్టి ఉంటారు, వైరు ఒక్కటి మాత్రం కొలవరు.

మధ్యలో వైరు తప్ప ఏమీ లేదు కాబట్టి 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా గీత తిన్నగా రావాలి. చివర్లలో కాస్త వంగితే పర్వాలేదు. దువ్వెన పళ్లలా ఎగుడుదిగుడుగా వస్తే ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కి ఉంది, ఆపేయండి. లెవెల్ దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్ మైక్‌కి ఆటోమేటిక్ గెయిన్, నాయిస్ తగ్గింపు లాంటివి తగిలించింది. పై కొస తేడాగా ఉంటే మధ్యలో ఎవరో శాంపుల్ రేటు మారుస్తున్నారు. విండోస్‌లో పాత ఆడియో దారి ఎంఎంఈ వదిలేసి, సౌండ్ కార్డ్‌తో నేరుగా మాట్లాడే ఏసియో గానీ, వాసాపి ఎక్స్‌క్లూజివ్ మోడ్ గానీ వాడండి. లైనక్స్‌లో సౌండ్ సర్వర్‌ని దాటి ఆల్సా (లైనక్స్ కెర్నెల్ ఆడియో పొర) హార్డ్‌వేర్ డివైస్‌నే నేరుగా తెరవండి.

గీత తిన్నగా వచ్చాక ప్రోగ్రామ్ మూసేసి, మళ్లీ తెరిచి, అదే వైరుని ఇంకోసారి కొలవండి. ఇంపల్స్ శిఖరం మొదటిసారి ఏ శాంపుల్ దగ్గర ఉందో, ఇప్పుడూ అక్కడే ఉందా? చాలామంది దగ్గర ఉండదు. కింద చెప్పబోయేదంతా దీని గురించే.

లక్షణం: విడివిడిగా బాగున్నాయి, కలిపితే సిమ్యులేషన్‌తో సరిపోవడం లేదు

ఈ ఫిర్యాదు ఎప్పుడూ ఒకే రూపంలో వస్తుంది. వూఫర్‌ని (కింది స్వరాల స్పీకర్) కొలిచారు, ట్వీటర్‌ని (పై స్వరాల స్పీకర్) కొలిచారు. రెండు గీతలూ డేటాషీట్‌కి దగ్గరగానే ఉన్నాయి. క్రాసోవర్ (ఆ రెండిటికీ పౌనఃపున్యాలు పంచే సర్క్యూట్) డిజైన్ ప్రోగ్రామ్‌లో ఎక్కించి 2500 హెర్ట్జ్ దగ్గర కలిపితే స్క్రీన్ మీద మొత్తం తిన్నగా వచ్చింది. కాయిల్స్, కెపాసిటర్లు కొని, సోల్డర్ చేసి, మైక్ పెట్టి చూస్తే సరిగ్గా ఆ చోటే గుంట. అక్కడి నుంచి కెపాసిటర్ టాలరెన్స్ మీద అనుమానం, కాయిల్ రెసిస్టెన్స్ మీద అనుమానం. అయిదు శాతం టాలరెన్స్‌కి అంత గుంట పడదు.

అసలు కారణం: రెండు డ్రైవర్ల (వూఫర్, ట్వీటర్ల) మధ్య ఉన్న కాలం తేడా ఎక్కడో పోయింది.

నా సాయంత్రాలు ఎక్కువగా తిన్నది ఇదే. ఇది దొరక్కపోవడానికి ఓ కారణం ఉంది. కాలం తప్పినా డెసిబెల్ గీత చెక్కుచెదరదు. మనం చూసేది ఆ గీతనే. ఫేజ్ (తరంగం తన చుట్టులో ఎక్కడుందో డిగ్రీల్లో చెప్పేది) గీత ఎలాగూ మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి అందులో తప్పు కంటికి ఆనదు.

లెక్క చూడండి. 48 కిలోహెర్ట్జ్‌లో ఒక శాంపుల్ అంటే 20.8 మైక్రోసెకన్లు. ఆ వ్యవధిలో ధ్వని 7 మిల్లీమీటర్లు వెళ్తుంది. 2500 హెర్ట్జ్ దగ్గర అది దాదాపు 19 డిగ్రీల ఫేజ్. ఇక వూఫర్, ట్వీటర్ ఒకే చదునైన ముందు పలక మీద బిగిస్తే, వూఫర్ ధ్వని రెండు మూడు సెంటీమీటర్లు వెనక నుంచి వచ్చినట్టు ఉండడం మామూలే. 25 మిల్లీమీటర్లు అనుకుందాం. 2500 హెర్ట్జ్ దగ్గర అది 66 డిగ్రీలు. ఫైళ్లలో ఈ 66 డిగ్రీలు మాయమైతే, సమాన లెవెల్‌తో కలిసే చోట మొత్తం 6 డెసిబెల్స్ పెరగాల్సింది 4.5 పెరుగుతుంది. ఒకటిన్నర డెసిబెల్ తేడాని ఎవరూ పట్టించుకోరు, గది ప్రభావం అనుకుంటారు. ట్వీటర్ పొలారిటీ తిరగేసి (ప్లస్, మైనస్ వైర్లు అటూ ఇటూ మార్చి) చూస్తే మాత్రం బండారం బయటపడుతుంది. సిమ్యులేషన్‌లో పాతాళానికి దిగిన గుంట ఉంటుంది. అసలు స్పీకర్‌లో ఒక్క డ్రైవర్ లెవెల్ కన్నా 0.7 డెసిబెల్ పైనే ఉంటుంది, అంటే గుంటే లేదు. అందుకే పొలారిటీ తిరగేసిన కొలత చూపించకుండా క్రాసోవర్ గురించి నన్నేమీ అడగొద్దంటాను.

కాలం పోయే దారులు ముఖ్యంగా రెండు.

మొదటిది కోడ్‌లోనే ఉంటుంది. ఇంపల్స్ శిఖరం ఎక్కడుందో వెతికి, దాన్ని సున్నా సమయానికి జరిపే ఒక్క లైను. చూడ్డానికి గ్రాఫ్ శుభ్రంగా వస్తుంది కాబట్టి దాదాపు ప్రతి కొత్త ప్రోగ్రామ్‌లోనూ ఇది దూరుతుంది. ఒక్కో ఫైలుని దాని సొంత శిఖరానికి జరిపితే రెండు డ్రైవర్ల మధ్య తేడా అక్కడికక్కడే చెరిగిపోతుంది. పైగా వూఫర్ శిఖరం దాని ధ్వని మొదలైన క్షణం కాదు. పై పౌనఃపున్యాలు లేవు కాబట్టి అది నెమ్మదిగా లేస్తుంది, శిఖరం ఆలస్యంగా వస్తుంది. చూపించడానికి జరుపుకోండి, సేవ్ చేసే డేటాలో మాత్రం జరపొద్దు. గ్రాఫ్ గీసే ఫంక్షనూ ఫైలు రాసే ఫంక్షనూ ఒకే అర్రేని పంచుకుంటున్నాయేమో చూడండి. బగ్ చాలాసార్లు అక్కడే కూర్చుని ఉంటుంది.

రెండోది ఇంకా జిత్తులమారి. ప్లే చేసే స్ట్రీమ్, రికార్డ్ చేసే స్ట్రీమ్ తెరుచుకున్న ప్రతిసారీ వాటి మధ్య లేటెన్సీ (ఆలస్యం) కొద్దిగా మారుతుంది. పోర్ట్‌ఆడియో (ఆడియో లైబ్రరీ) చెప్పే లేటెన్సీ ఒక అంచనా మాత్రమే, కొలత కాదు. తెరిచి ఉన్నంతసేపూ అది కదలదు. ప్రోగ్రామ్ రాసినవాళ్లు ఒకే స్ట్రీమ్‌లో వరసగా కొలిచి పరీక్షిస్తారు కాబట్టి వాళ్ల దగ్గర అంతా పనిచేస్తుంది. వాడేవాళ్లు వూఫర్ కొలిచి, కాఫీ తాగొచ్చి, ప్రోగ్రామ్ మళ్లీ తెరిచి ట్వీటర్ కొలుస్తారు. ఈలోగా అయిదు శాంపుల్స్ జరిగితే 2500 హెర్ట్జ్ దగ్గర 94 డిగ్రీలు. ఏకంగా 256 శాంపుల్స్ బఫర్ ఒకటి జారితే మైక్ ఇంకో 1.8 మీటర్లు వెనక్కి వెళ్లినట్టే. నయం, అంత పెద్ద తప్పు వెంటనే కనబడుతుంది. అయిదు శాంపుల్స్ కనబడదు.

పరిష్కారం: రెండు ఛానళ్ల కొలత

ఇన్‌పుట్ ఒకటికి మైక్. ఇన్‌పుట్ రెండుకి సౌండ్ కార్డ్ రెండో అవుట్‌పుట్ నుంచి వైరు, దీన్నే లూప్‌బ్యాక్ అంటాను. స్వీప్‌ని రెండు అవుట్‌పుట్లకీ పంపండి. తర్వాత మైక్ స్పెక్ట్రాన్ని లూప్‌బ్యాక్ ఛానల్ స్పెక్ట్రంతో భాగించండి. మీరు ప్లే చేసిన స్వీప్ ఫైలుతో కాదు, తిరిగి రికార్డయిన లూప్‌బ్యాక్‌తోనే. రెండు ఇన్‌పుట్లూ ఒకే గడియారం మీద, ఒకే బఫర్‌లో వస్తాయి కాబట్టి లేటెన్సీ ఎంత మారినా భాగహారంలో కొట్టుకుపోతుంది. స్వీప్ లేని పౌనఃపున్యాల్లో హారం సున్నాకి దగ్గరై నాయిస్ పేలిపోతుంది గనుక అక్కడ చిన్న రెగ్యులరైజేషన్ (హారానికి ఒక చిన్న అంకె కలపడం) పెట్టుకోండి.

వైర్ల విషయంలో రెండు జాగ్రత్తలు. లూప్‌బ్యాక్‌ని లైన్ అవుట్ నుంచే తీసుకోండి. యాంప్లిఫయర్ స్పీకర్ టెర్మినల్స్ నుంచి తీయొద్దు. చాలా క్లాస్ డి యాంప్లిఫయర్లలో మైనస్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, దాన్ని ఇంటర్‌ఫేస్ గ్రౌండ్‌కి కలిపితే యాంప్లిఫయర్ పోవచ్చు. రెండోది, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ బటన్ కొన్ని ఇంటర్‌ఫేస్‌లలో రెండు ఇన్‌పుట్లకీ ఉమ్మడిగా ఉంటుంది. కాబట్టి లూప్‌బ్యాక్‌కి ఎక్స్‌ఎల్‌ఆర్ కాకుండా జాక్ పిన్ ఉన్న లైన్ ఇన్‌పుట్ వాడండి.

ఇప్పుడు పరీక్ష. మైక్ కదపకుండా మూడు కొలతలు తీయండి: వూఫర్ ఒక్కటీ, ట్వీటర్ ఒక్కటీ, రెండూ కలిపి. మొదటి రెండిటినీ కాంప్లెక్స్ సంఖ్యలుగా కూడి మూడోదాని మీద గీయండి. గీత మీద గీత కూర్చోవాలి. కూర్చోకపోతే మీ ప్రోగ్రామ్‌లో కాలం ఇంకా ఎక్కడో కారుతోంది. క్రాసోవర్ డిజైన్ జోలికి పోకండి. ట్వీటర్‌కి రక్షణగా పెద్ద కెపాసిటర్ పెట్టి కొలుస్తుంటే మూడు కొలతల్లోనూ అది ఉండాలి.

ఇక్కడిదాకా బాగానే చేసి ఫైలు చదివే దగ్గర బోల్తా పడేవాళ్లూ ఉన్నారు. ఫేజ్ కాలమ్ +180 నుంచి −180కి దూకే చోట నంపైతో (పైథాన్ గణిత లైబ్రరీ) నేరుగా ఇంటర్‌పొలేట్ చేస్తే మధ్యలో ఎక్కడా లేని ఫేజ్ పుడుతుంది. ముందు ఆ దూకుళ్లు విప్పేసి (అన్‌ర్యాప్ చేసి) తర్వాత ఇంటర్‌పొలేట్ చేస్తే చాలనుకుంటారు. మైక్ ఒక మీటరు దూరంలో ఉంటే 2.9 మిల్లీసెకన్ల ఆలస్యం అలాగే ఫైల్లో ఉంటుంది, అంటే దాదాపు ప్రతి 343 హెర్ట్జ్‌కీ ఫేజ్ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. ఒక్కో ఆక్టేవ్‌కి (పౌనఃపున్యం రెట్టింపయ్యే వ్యవధి) 24 పాయింట్లతో ఎగుమతి చేస్తే 10 కిలోహెర్ట్జ్ దగ్గర పాయింట్ల మధ్య దూరం 290 హెర్ట్జ్ పైనే. పాయింటు నుంచి పాయింటుకి ఫేజ్ 300 డిగ్రీలు దాటుతుంటే ఏ ఫంక్షనూ సరిగ్గా విప్పలేదు. అందుకని ఎగుమతికి ముందు ఉమ్మడి ఆలస్యాన్ని తీసేయండి, అన్ని డ్రైవర్లకీ అన్ని కోణాలకీ ఒకటే అంకె. ఆ అంకెని ఫైలు పైన నక్షత్రం గుర్తుతో మొదలయ్యే కామెంట్ లైన్‌లో రాసి పెట్టండి. ఎఫ్‌ఆర్‌డి ఫార్మాట్‌లో దానికి వేరే చోటు లేదు. రాయకపోతే ఆర్నెల్ల తర్వాత మీకే గుర్తుండదు.

యూఎస్‌బీ మైక్ వాడేవాళ్లకి ఒక చేదు మాట. ఆ మైక్‌కి సొంత గడియారం ఉంటుంది, లూప్‌బ్యాక్ పెట్టడానికి రెండో ఇన్‌పుట్ ఉండదు. రెండు గడియారాల మధ్య 50 పీపీఎం (పది లక్షల్లో 50) తేడా ఉన్నా, 5.46 సెకన్ల స్వీప్‌లో 13 శాంపుల్స్ జారతాయి. కదలకుండా ఉంచిన ఇంకో ట్వీటర్ నుంచి ప్రతి కొలతకి ముందు ఒక చిన్న సంకేతం పంపి దాన్నే సమయ సూచికగా తీసుకోవచ్చు. గదిలో బాస్ సరిచేసుకోవడానికి యూఎస్‌బీ మైక్ చాలు. క్రాసోవర్ డిజైన్‌కి మాత్రం రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, మామూలు ఎక్స్‌ఎల్‌ఆర్ మైక్ కొనుక్కోమనే చెప్తాను.

మన ఎండాకాలానికి సంబంధించి ఒకటి. చప్పుడు ఉండకూడదని ఏసీ, ఫ్యాను ఆపేసి కొలతలు మొదలుపెడతారు. మంచిదే, తిరిగే ఫ్యాను గాలి పై పౌనఃపున్యాల్లో ఫేజ్‌ని కదిలిస్తుంది కూడా. కానీ గది 27 నుంచి 32 డిగ్రీలకి వేడెక్కితే ఒక మీటరు దూరానికి ఒక శాంపుల్ పైన తేడా వస్తుంది. లూప్‌బ్యాక్ దీన్ని పట్టుకోదు, ఎందుకంటే తేడా గాల్లో ఉంది. డ్రైవర్లన్నీ వెంటవెంటనే కొలిచేయండి, ఒకటి పొద్దున, ఒకటి మధ్యాహ్నం అని పెట్టుకోవద్దు.

మిగతా లక్షణాలు, క్లుప్తంగా

కింది పౌనఃపున్యాల్లో గీత నున్నగా, అనుమానంగా ఉంది: ఇంపల్స్‌లోంచి కత్తిరించి తీసుకున్న కాలపు ముక్క (విండో) చిన్నది. మూడు మీటర్ల ఎత్తు గదిలో స్పీకర్, మైక్ సగం ఎత్తులో మీటరు దూరంలో ఉంటే నేల నుంచి, కప్పు నుంచి మొదటి ప్రతిధ్వని 6.3 మిల్లీసెకన్లకి వస్తుంది. అంతలో కత్తిరిస్తే 160 హెర్ట్జ్ కింద మీ దగ్గర సమాచారం లేనట్టే, గీత ఎంత అందంగా ఉన్నా. కింద భాగాన్ని కోన్‌కి దగ్గరగా కొలిచి అతికించాలి.

ఇంపల్స్ చివర్లో దెయ్యంలా ఇంకో ఇంపల్స్: గది ప్రతిధ్వని కాదు. ఇటలీలోని పార్మా విశ్వవిద్యాలయానికి చెందిన ఏంజెలో ఫరీనా 2000లో వివరించిన ఎక్స్‌పొనెన్షియల్ స్వీప్ పద్ధతిలో డిస్టార్షన్ అసలు ఇంపల్స్ కన్నా ముందు కాలంలో పడుతుంది. 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా 5.46 సెకన్ల స్వీప్‌కి రెండో హార్మోనిక్ దాదాపు 0.55 సెకన్లు ముందు ఉంటుంది. ఎఫ్‌ఎఫ్‌టి చక్రంలా తిరుగుతుంది కాబట్టి అది చివరికి వచ్చి కూర్చుంటుంది. సున్నాలతో పొడిగించండి, లేదా దాన్నే కత్తిరించి డిస్టార్షన్ గ్రాఫ్‌గా వాడుకోండి.

ఇంపీడెన్స్ (కరెంటుకి డ్రైవర్ చూపే అడ్డు) గీత అంతా ఒకే నిష్పత్తిలో పైకో కిందికో ఉంది: రిఫరెన్స్ రెసిస్టర్ మీద రాసిన విలువ కాకుండా మల్టీమీటర్‌తో కొలిచిన విలువ ఇవ్వండి. తర్వాత ఒక శాతం 10 ఓమ్స్ రెసిస్టర్‌ని డ్రైవర్ స్థానంలో పెట్టి చూడండి. పది రాకపోతే మీ టీఎస్ (థీల్-స్మాల్) పారామీటర్లు, అంటే కింది పౌనఃపున్యాల్లో డ్రైవర్ స్వభావం చెప్పే అంకెలు, నమ్మొద్దు.

మైక్ కాలిబ్రేషన్ ఫైలు తప్పు, కొత్త డ్రైవర్ ఇంకా వదులు కాలేదు, కేబుల్ నాణ్యత: ఇవి కూడా జరుగుతాయి, అరుదుగా. పైవన్నీ అయ్యాకే చూడండి.

ప్రాజెక్టులో ఇష్యూ పెట్టేటప్పుడు స్క్రీన్‌షాట్ పంపకండి. రెండు ఛానళ్లూ ఉన్న ముడి వేవ్ ఫైలు, వైరు కొలత, మూడు కొలతల ఎఫ్‌ఆర్‌డిలు, శాంపుల్ రేటు, ఏ ఆడియో డ్రైవర్ (ఏసియో, వాసాపి లాంటివి) వాడారో రాసి పంపండి. వైరు కొలత లేని ఇష్యూకి మొదటి జవాబుగా నేను అదే అడుగుతాను, మీకు ఒక రోజు వృథా.