చెరువు కాపలా, మనసు అలసట: మూడు గడుల లెక్క

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులు చూసేవాళ్లకి రాత్రి నిద్ర కరువే. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి కాపలా తప్పదు. కానీ మనిషిని పిండేసేది కాపలా ఒక్కటే కాదు, "నేను కన్ను మూస్తే చెరువు పోయినట్టే" అనే ఆలోచన కూడా. దానివల్ల పడుకున్నా నిద్ర పట్టదు, పని ఇంకొకరికి అప్పజెప్పబుద్ధి కాదు. నిద్ర తగ్గేకొద్దీ ఆ ఆలోచన ఇంకా ముదురుతుంది. సత్తువ పోవడం, పనంటే విరక్తి, ఎంత చేసినా చాలదనిపించడం: ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే బర్నౌట్ (పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలసిపోవడం) లక్షణాలు ఇవే.

ఆ ఆలోచన ఎంతవరకు నిజమో చూసుకోడానికి, మేత లెక్కలు రాసే పుస్తకం చివరి పేజీలో మూడు గడులు గీయండి. మొదటిదాంట్లో జరిగింది: "మూడింటికి ఆక్సిజన్ మీటరు 3.8." రెండోదాంట్లో మనసులో మెదిలిన మాట ఉన్నదున్నట్టు: "అంతా అయిపోయింది." మూడోదాంట్లో కంటికి కనబడిన రుజువు: "ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వేశాం, ఐదింటికి మీటరు 4.6, రొయ్య పైకి తేలలేదు." చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, ధైర్యవచనాలు రాసేస్తారు. "అంతా మంచే జరుగుతుంది" అంటే మనసు నమ్మదు, అంకె చూపిస్తే నమ్ముతుంది. రోజుకి ఒక్కటి, రెండు వారాలు రాయండి.

ఆ తర్వాత వారానికి రెండు రాత్రులు కాపలా వేరేవాళ్లకివ్వండి. "జాగ్రత్త" అని వదిలేయకుండా, "మీటరు 4కి దిగితే ఏరేటర్లన్నీ వేసి నన్ను లేపు" అని కచ్చితంగా చెప్పండి.

అప్పు, పడిపోయిన ధర నిజమైన కష్టాలే, రాతతో తీరవు. బతకాలనిపించకపోతే ఆ క్షణమే 14416కి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.