హైదరాబాద్‌లో పదేపదే అక్రమ నిర్మాణాలు చేసేవారిపై చర్య జరిగేలా చూడటం ఎలా?

స్టిల్ట్‌పై (పార్కింగు కోసం స్తంభాలతో వదిలే కింది అంతస్తుపై) రెండంతస్తులకు అనుమతి తీసుకుని నాలుగో అంతస్తుకు స్లాబు వేసేవారిలో రెండు రకాలవారు ఉంటారు. మొదటి రకంవారు ఆశపడి హద్దు దాటి, నోటీసు అందగానే ఆగిపోతారు. రెండో రకంవారు నోటీసునూ, జరిమానానూ, చివరికి స్లాబుకు కొట్టే రంధ్రాలనూ నిర్మాణ ఖర్చులోనే ముందుగా లెక్కవేసుకుని, ఒక భవనంలోని ఫ్లాట్లు అమ్ముడుపోగానే పక్క వీధిలో అదే పద్ధతిలో మరొకటి మొదలుపెడతారు. ఈ వ్యాసం రెండో రకంవారి ఇరుగుపొరుగున ఉండేవారి కోసం, కాలనీ సంక్షేమ సంఘాల కోసం రాసినది. చట్టంలో అధికారాలకు కొరత లేదు. అయితే ఒక్కో అధికారం ఒక్కో విభాగం చేతిలో, ఒక్కో ఫైలులో ఉండటం వల్ల, పాత ఉల్లంఘనకూ కొత్త ఉల్లంఘనకూ ఉన్న సంబంధం ఎవరి కంటా పడదు. ఆ సంబంధాన్ని కాగితంపైకి తేవడమే ఫిర్యాదుదారు చేయవలసిన అసలు పని.

ముందుగా అనుమతి దేనికి ఇచ్చారో తెలుసుకోవాలి. 2020 నవంబరులో టీఎస్-బీపాస్ పేరుతో అమలులోకి వచ్చిన ఆన్‌లైన్ భవన అనుమతుల విధానంలో 75 చదరపు గజాల లోపు స్థలానికి కేవలం నమోదు సరిపోతుంది. 600 చదరపు గజాల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణపైనే వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించితే ఏకగవాక్ష విధానంలో పరిశీలన జరుగుతుంది. అందువల్ల మధ్య తరహా భవనాలలో అధికారి స్థలాన్ని చూసేది అనుమతి ఇచ్చిన తరువాతనే అన్న సంగతి గుర్తుంచుకోవాలి. నిర్మాణ స్థలంలోని బోర్డు మీద అనుమతి సంఖ్య, అంతస్తుల సంఖ్య ఉంటే వాటిని ఫొటో తీసుకోవాలి. బోర్డు లేకపోతే అదే ఒక ఫిర్యాదు అవుతుంది, ఎందుకంటే నిర్మాణం జరుగుతున్నంత కాలం ఆమోదిత ప్లాన్‌ను స్థలంలో ప్రదర్శించాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పులో స్పష్టంగా ఆదేశించింది. ప్లాన్ ధ్రువీకృత ప్రతిని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో కోరవచ్చు. ముప్పై రోజులలో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయాలి.

ఫిర్యాదులో ఆవేదన కంటే కొలతలకు విలువ ఎక్కువ. అనుమతి సంఖ్య, అనుమతించిన అంతస్తులు, వేసిన అంతస్తులు, వదలవలసిన సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ ఖాళీగా ఉంచే స్థలం), వదిలిన సెట్‌బ్యాక్, తేదీలతో ఫొటోలు ఉండాలి. యాప్‌లోనో, హెల్ప్‌లైన్‌లోనో ఫిర్యాదు నమోదు చేసినప్పటికీ, లిఖితపూర్వక ప్రతిని సర్కిల్ డిప్యూటీ కమిషనర్‌కు, టౌన్‌ప్లానింగ్ విభాగానికి విడివిడిగా ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోవడం మంచిది. తరువాత న్యాయస్థానం అడిగేది ఆ ముద్రనే. చెరువు, నాలా, పార్కు, ప్రభుత్వ స్థలం ఆక్రమణకు గురైతే చెరువులు, ప్రభుత్వ ఆస్తుల రక్షణ కోసం 2024 జులైలో ఏర్పడిన హైడ్రా సంస్థను ఆశ్రయించవచ్చు. సొంత స్థలంలో అదనపు అంతస్తు వేసిన వ్యవహారాన్ని అక్కడికి పంపితే కాలం వృథా అవుతుంది.

ఫిర్యాదు అందాక జరగవలసిన క్రమం ఇది. జీహెచ్‌ఎంసీ చట్టంలోని 452 సెక్షన్ కింద షోకాజ్ నోటీసు ఇవ్వాలి. వచ్చిన వివరణను పరిశీలించి, అది ఎందుకు చెల్లదో కారణాలతో వివరించే స్పీకింగ్ ఆర్డర్ జారీ చేయాలి. అప్పటికీ యజమాని తొలగించకపోతే 636 సెక్షన్ కింద జీహెచ్‌ఎంసీయే తొలగించి, ఖర్చును అతని నుంచి రాబట్టాలి. దీనికి తోడు 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే నియమాలు పెట్టింది. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, భవనానికి అంటించాలి, కనీసం పదిహేను రోజుల గడువు ఇవ్వాలి, వ్యక్తిగతంగా వాదన వినాలి, తుది ఉత్తర్వు తరువాత మరో పదిహేను రోజులు ఆగాలి, కూల్చివేతను వీడియో తీయాలి. రోడ్డు, ఫుట్‌పాత్, నీటి వనరు వంటి చోట్ల కట్టిన వాటికీ, న్యాయస్థానమే కూల్చమన్న వాటికీ ఈ రక్షణ లేదు.

ఇంత ఆలస్యాన్ని చూసి విసుగెత్తి, వెంటనే కూల్చమని ఒత్తిడి తేవడం ఫిర్యాదుదారులు తరచూ చేసే పొరపాటు. తప్పుడు స్వీయ ధ్రువీకరణ ఇచ్చినవారి కట్టడాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం టీఎస్-బీపాస్ చట్టంలో ఉన్నది. అయినా పై తీర్పు తరువాత దానిని నమ్ముకుని ముందుకు వెళితే, పాత కాపు వంటి బిల్డరు మరునాడే కోర్టులో స్టే సంపాదిస్తాడు. నోటీసులోని ఒక్క లోపం అతనికి రెండు మూడేళ్ల వ్యవధిని ఇస్తుంది, ఆ లోపు ఫ్లాట్లలో జనం చేరిపోతారు. కాబట్టి నోటీసు సరైన వ్యక్తి పేరు మీద వెళ్లిందా, ప్లాన్‌కూ కట్టడానికీ ఉన్న తేడా అందులో కొలతలతో ఉన్నదా అని చూడవలసిన అవసరం కార్పొరేషన్‌కు ఎంత ఉన్నదో ఫిర్యాదుదారుకూ అంతే ఉన్నది.

స్టే వస్తుందన్న అనుమానం ఉంటే ముందే సివిల్ ప్రొసీజర్ కోడ్ 148-ఎ సెక్షన్ కింద కేవియట్ (తమ వాదన వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని కోర్టును ముందుగా కోరే దరఖాస్తు) వేయాలని కార్పొరేషన్ తరఫున వాదించే స్టాండింగ్ కౌన్సిల్‌ను లిఖితపూర్వకంగా కోరాలి. కేవియట్ తొంభై రోజులే చెల్లుతుంది కనుక గడువు ముగిసేలోగా కొత్తది వేయాలని గుర్తుచేయడం కూడా అవసరమే. దావా పడిన తరువాత ఇరుగుపొరుగువారు ఆర్డర్ 1, రూల్ 10 కింద తమను పార్టీగా చేర్చమని దరఖాస్తు చేయవచ్చు. చాలా స్టేలు బిల్డరు బలం వల్ల కాక, కార్పొరేషన్ తన జవాబును (కౌంటరును) దాఖలు చేయకపోవడం వల్లనే ఏళ్ల తరబడి నిలుస్తాయి. అధికారులు ఉత్తర్వు ఇచ్చి కూడా కదలకపోతే హైకోర్టులో రాజ్యాంగంలోని 226 అధికరణం కింద రిట్ వేసే మార్గం ఉన్నది.

కూల్చివేత పేరుతో స్లాబుకు నాలుగు రంధ్రాలు కొట్టి, ఫొటో తీసి, ఫైలు మూసేయడం నగరంలో అందరూ చూసిన దృశ్యమే. ఇనుప చువ్వలు చెక్కుచెదరవు కనుక వారం తిరగకుండానే రంధ్రాలు పూడిపోతాయి. అందువల్ల 461-ఎ సెక్షన్ కింద భవనాన్ని సీజ్ చేయమని కోరడం మేలు. సీలు వేసిన తరువాత లోపల పని సాగితే అది కొత్త ఉల్లంఘన అవుతుంది, దానిపై పోలీసులకు విడిగా ఫిర్యాదు చేయవచ్చు. పంచనామా ప్రతిని, సీలు వేసిన నాటి ఫొటోలను సంఘం తన వద్ద ఉంచుకోవాలి.

అవతలి పక్షం దాదాపు ప్రతిసారీ తెచ్చే వాదన క్రమబద్ధీకరణ. అక్రమ కట్టడాలను రుసుముతో క్రమబద్ధీకరించే పథకాలను 2007 చివర బీపీఎస్ పేరుతో, 2015లో బీఆర్‌ఎస్ పేరుతో ప్రభుత్వం ప్రకటించడం వల్ల, ముందు కట్టేసి తరువాత డబ్బు కడితే సరిపోతుందన్న ధీమా బిల్డర్లలో పాతుకుపోయింది. నా ఉద్దేశంలో ఏ జరిమానా పోగొట్టలేనంత నష్టాన్ని ఆ పథకాలు చేశాయి. బీఆర్‌ఎస్ వర్తించేది 2015 అక్టోబరు 28 నాటికి కట్టిన వాటికే, పైగా వ్యవహారం హైకోర్టులో నిలిచిపోయింది. గూగుల్ ఎర్త్‌లోని పాత ఉపగ్రహ చిత్రాలను తేదీలతో జతచేస్తే, ఆ నాటికి స్థలం ఖాళీగా ఉన్నదని సులభంగా చూపవచ్చు. అక్రమ నిర్మాణం మీద ఆస్తిపన్నుకు అదనంగా ఉల్లంఘన స్థాయిని బట్టి 25, 50, 100 శాతం చొప్పున వేసే జరిమానా కూడా కట్టడానికి చట్టబద్ధత ఇవ్వదు. పన్ను రసీదు చూపించి ఇది అధికారికమే అని చెప్పేవారిని నమ్మనక్కరలేదు.

ఇక పాత చరిత్రను కొత్త భవనానికి ముడిపెట్టే పని. బిల్డరు సంస్థ పేరు ప్రతి భవనానికీ మారవచ్చు, కొత్త భాగస్వామ్యం పుట్టుకురావచ్చు. అయితే ప్లాన్‌పై సంతకం చేసే లైసెన్సు పొందిన ఆర్కిటెక్టో, ఇంజినీరో తరచుగా మారరు. ఫలానా లైసెన్సు సంఖ్యపై మంజూరైన అనుమతులెన్ని, వాటిలో నోటీసులు అందుకున్నవెన్ని, అతనిపై తీసుకున్న చర్య ఏమిటి అని సమాచార హక్కు కింద అడగాలి. జవాబును కొత్త ఫిర్యాదుకు జతచేసి, లైసెన్సు రద్దు చేయాలని కోరాలి. బిల్డరుకు ఇది జరిమానా కంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా రెరా (స్థిరాస్తి నియంత్రణ ప్రాధికార సంస్థ) వద్ద నమోదు తప్పనిసరి. నమోదు దరఖాస్తులోనే ప్రమోటరు గత అయిదేళ్ల ప్రాజెక్టులను, వాటిపై నడుస్తున్న కేసులను వెల్లడించాలి. దాచి ఉంటే తెలంగాణ రెరాకు ఫిర్యాదు చేయడానికి అది బలమైన ఆధారం. ఆమోదిత ప్లాన్‌ను మూడింట రెండు వంతుల కొనుగోలుదారుల సమ్మతి లేకుండా మార్చరాదన్న నిబంధన కూడా అక్కడ పనికివస్తుంది. ఎనిమిదికి లోబడిన చిన్న భవనాలనే వరుసగా కట్టేవారు ఈ వలలో పడరు.

అలాంటివారిని పట్టుకోగల చోటు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే భవనాన్ని ప్లాన్ ప్రకారం కట్టారని ధ్రువీకరించి వాడుకోవడానికి అనుమతించే పత్రం. 2012 నాటి 168వ జీవో నిబంధనల ప్రకారం, చిన్న సొంత ఇళ్లు మినహా తక్కిన భవనాలలో పది శాతం నిర్మిత వైశాల్యం ఆ సర్టిఫికెట్ వచ్చేదాకా కార్పొరేషన్‌కు తనఖాలో ఉంటుంది. సెట్‌బ్యాక్‌లో పది శాతం లోపు స్వల్ప తేడాలను అపరాధ రుసుముతో మన్నించవచ్చు గానీ, అదనపు అంతస్తుకు ఆ వెసులుబాటు లేదు. సర్టిఫికెట్ చూశాకే విద్యుత్తు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా దానిని పరిశీలించాకే రుణం మంజూరు చేయాలని పైన చెప్పిన డిసెంబరు తీర్పు నిర్దేశించింది. కాబట్టి స్పీకింగ్ ఆర్డర్ చేతికి రాగానే దాని ప్రతులను జలమండలికి, విద్యుత్తు పంపిణీ సంస్థకు, ఫ్లాట్లకు రుణాలిస్తున్న బ్యాంకు శాఖకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. తనఖా విడుదల చేయవద్దని కోరే లేఖను అదే రోజు టౌన్‌ప్లానింగ్ విభాగంలో ఇచ్చి, అదే బిల్డరు పాత భవనాల ఫైలు సంఖ్యలను అందులో పేర్కొనాలి.